చిన్నగది గురిగి

నాకు ముక్కుమీదే కోపం. ఇప్పటికీ అంతే గానీ, పద్నాలుగేళ్లప్పుడు ముక్కు చిన్నది, కోపం పెద్దది. ఆ కోపంలో నేను చేసిన పనినీ, దాన్ని దిద్దిన పాలపళ్ల పిల్లలనూ తలుచుకుంటే ఈ వయసులో కూడా నాకు ఒళ్లు జలదరిస్తుంది. అందుకే రాస్తున్నాను.

రెండో ప్రపంచ యుద్ధం ఇంకా రాలేదు. నైజాం రాజ్యం. ఎల్లారెడ్డిలో మా వాడ చివర గడ్డి కప్పిన బడి ఒకటుండేది. ఒక్క పంతులు, అయిదు తరగతులు. మా బాపు పటేలు పొలంలో ఏడాది పొడుగునా జీతగాడు. అవ్వ నాట్లకూ కలుపులకూ పోయేది. నేను అయిదు పూర్తిచేసి, ఇంకో ఏడాది అదే బడిలో చిన్నపిల్లలకు ఎక్కాలు చెప్తూ గడిపాను. పంతులు లేనప్పుడు ఆయన బెత్తం నా చేతిలో ఉండేది. దాంతో నాకు నేనే సగం పంతులమ్మను అనుకునేదాన్ని.

కామారెడ్డిలో మిషను వాళ్ల ఆడపిల్లల బోర్డింగు ఉందనీ, అక్కడ ఆరో తరగతిలో చేర్చుకుంటారనీ పంతులే చెప్పాడు. ఉత్తరం రాసిచ్చాడు. అవ్వ నన్ను పక్కకు పిలిచి ఒకటే మాట అన్నది.

"పోతే నిలబడి చదువు బిడ్డా. తిరిగొస్తె మాత్రం నాతోని నాట్లకే. రెండు దార్లే ఉన్నయి, మూడోది లేదు."

అవ్వ బెదిరించడానికి అనలేదు. ఉన్న మాట చెప్పింది. మా వాడలో అయిదు దాటిన ఆడపిల్ల అప్పటికి ఎవరూ లేరు.

మృగశిర కార్తెలో మిరుగు వాన ఒకటి పడ్డాక ఎడ్లబండిలో బయల్దేరాం. తాడ్వాయిలో ఆగి, ఎడ్లకు మేత వేసి, రెండో రోజు పొద్దెక్కాక కామారెడ్డి చేరాం. ఊరి మొదట్లోనే రైలు ఎదురొచ్చింది. దాని గురించి విన్నాను, బొమ్మ చూశాను. అయినా కాళ్ల కింద నేల అదురుతుంటే బండి అంచు పట్టుకుని అట్లాగే నిలబడిపోయాను. ఎడ్లు బెదిరాయి. బాపు వాటిని ఆపుతూనే నోరు తెరిచి చూస్తున్నాడు. చివరి డబ్బా కూడా కనబడకుండా పోయాక, "గింత ఇనుము ఎట్ల ఉరుకుతది బిడ్డా" అన్నాడు. నాకు మాత్రం ఏం తెలుసు? కానీ సగం పంతులమ్మను కదా, "ఆవిరితోని బాపు" అన్నాను, అంతా తెలిసినట్టు.

ఆ రోజుకు ఆశ్చర్యపోవాల్సింది అయిపోయిందనుకున్నాను. బోర్డింగు వాకిట్లో రైలు పట్టా ముక్క ఒకటి తాడుతో వేలాడుతోంది. ఎవరో దాన్ని సుత్తితో మూడుసార్లు కొట్టారు. అంతే, నలభై మంది ఆడపిల్లలు ఎక్కడెక్కడి నుంచో వచ్చి మూడు వరుసల్లో కూర్చున్నారు. తోపులాట లేదు, అరుపు లేదు. మా బడిలో పన్నెండు మందిని కూర్చోబెట్టడానికి నాకు బెత్తం విరిగేది. ఇక్కడ బెత్తమే కనబడలేదు. గుడిలోకి వచ్చినట్టు నా గొంతు దానంతటదే తగ్గిపోయింది.

బోర్డింగు అమ్మగారు మా ప్రాంతపు మనిషే. తెల్లచీర, నుదుటి మీద నెరిసిన వెంట్రుకలు, పెద్ద మాటలు లేని మనిషి. పంతులు ఉత్తరం చదివి మడిచింది.

"ఆరో తరగతా? మంచిది. చిన్నగదిల చాప ఏస్కో."

బోర్డింగులో మూడు గదులు. చిన్నగదిలో ఆరేళ్ల నుంచి తొమ్మిదేళ్ల పిల్లలు. నడిమిగదిలో నా ఈడువాళ్లు. పెద్దగదిలో చివరి తరగతులవాళ్లు. నేను వినడంలో ఏదో తప్పు జరిగిందనుకుని, "అమ్మా, నేను ఆరో తరగతి" అన్నాను మళ్లీ.

"ఇన్న. పొద్దుందాక ఆరో తరగతిలనే కూసుంటవు. గదికి మాత్రం కొత్తదానివే. ఇక్కడ ఎవరొచ్చినా, ఏ తరగతికొచ్చినా, మొదటి నెల చిన్నగదే. నెల తిరిగినంక ఆ గది పెద్దదాన్ని అడుగుత. ఆమె ఏం చెప్తదో దాన్ని బట్టి నడిమిగదికి పంపుడా, ఇంటికి పంపుడా చూస్తం."

తల కొట్టేసినట్టయింది. బాపు నా రేకు పెట్టె దించి, నా మొహం చూసి, మెల్లగా అన్నాడు. "గది చిన్నదైతేంది బిడ్డా, చదువు పెద్దదే గద. యాడ పండుమంటే ఆడ పండు." బండి వాకిలి దాటేదాకా వెనక్కి చూస్తూనే ఉన్నాడు.

చిన్నగదిలో పన్నెండు మంది ఉన్నారు. నా భవిష్యత్తు చేతిలో పెట్టుకున్న ఆ గది పెద్దది ఎవరా అని చూస్తే, ముందుపళ్లు రెండూ ఊడిన ఎనిమిదేళ్ల పిల్ల! ఎత్తు నా నడుము దాకా ఉంటుంది. నా పెట్టెను గోడవారకు తోస్తూ, "నేను ముందటేడు వచ్చిన. నువ్వు ఇయ్యాల వచ్చినవు. నేను అక్క, నువ్వు చెల్లె" అంది. పిట్ట కొంచెం కూత ఘనం అంటే ఇదే కాబోలు. నవ్వుదామని చూశాను గానీ మిగతా పదకొండు మందీ నవ్వడం లేదు. ఆ ఇంట్లో వయసు వచ్చిన రోజు నుంచి లెక్క. ఆ ఆరేళ్ల పిల్లలు కూడా నాకు అక్కలే.

నాతోపాటు అదే రోజు పెద్దకొడప్‌గల్ నుంచి ఇంకో పిల్ల వచ్చింది. ఏడో తరగతికి. ఆమె తెలుగులో సగం మరాఠీ ఉండేది. ఆమె చాప కూడా చిన్నగదిలోనే. ఆమెకు అవమానం నాకన్నా ఎక్కువైంది. గోడవైపు తిరిగి కూర్చునేది, తినమంటే తినేది కాదు. ఆరో రోజు వాళ్ల మామ అంగడికి బండి తోలుకొస్తే, ఎవరెంత చెప్పినా వినకుండా ఎక్కి వెళ్లిపోయింది. ఆమె చాపను చుట్టి మూలకు నిలబెట్టారు. ఆ చుట్టిన చాప వైపు చూసినప్పుడల్లా నాకు మోకాలి లోతు బురదలో వంగిన మా అవ్వ నడుము కనిపించేది. ఏమైనా సరే, నేను బండి ఎక్కకూడదు. ఈ పళ్లూడిన పిల్లతో మంచి అనిపించుకోవాలి. అనుకోవడానికేం, అనుకున్నాను. కానీ ఉదయం ఆరో తరగతిలో కూర్చుంటే పక్కపిల్లలు "చిన్నగది పాప వచ్చింది" అని గిల్లేవాళ్లు. ఆ మంటంతా సాయంత్రం చిన్నగదిలోకి మోసుకొచ్చేదాన్ని.

అయినా పిల్లలు నన్ను వదిలేవాళ్లు కాదు. నేను మెట్టు మీద కూర్చుంటే చాలు, ఒకతి వచ్చి నా ముందు వీపు తిప్పి కూర్చునేది. తల చూడమని అర్థం. ఇంట్లో నా తర్వాత నలుగురు. పేలు చూడడంలో నా చేతికి తిరుగులేదు. తిట్టుకుంటూనే చూసేదాన్ని. ఒకతి లేస్తే ఇంకొకతి. నేను ఆరో తరగతి చదువు కోసం వచ్చానా, పేలు కుక్కడానికి వచ్చానా అని నాకే నవ్వొచ్చేది.

తిండి సంగతి చెప్పాలి. పొద్దున మొక్కజొన్న రవ్వతో వండిన మక్కగట్క. సాయంత్రం ఒక్కపూట బియ్యం అన్నం. ఏ గదికి కొలిచిన బియ్యం ఆ గది కుండలోనే వండేవాళ్లు. మా ఇంట్లో వరి అన్నం పండుగనాడే. బాపు పండించే వడ్లన్నీ పటేలు గాదెలోకి పోయేవి. అందుకని ఆ సాయంత్రపు అన్నం కోసం నేను పొద్దుటి నుంచి ఎదురుచూసేదాన్ని. వడ్డించేది పళ్లూడిన అక్కే. నా పళ్లెంలో ఎప్పుడూ గుట్టగా పెట్టేది. ఆరో తరగతికి ఇస్తున్న మర్యాద అనుకున్నాను. కనీసం ఈ ఒక్క విషయంలోనైనా వీళ్లకు బుద్ధి ఉందనుకుని తినేదాన్ని.

నాలుగో వారం నాకు సాయంత్రం బియ్యం దగ్గర పని పడింది. కొలిచిన బియ్యం చేటల్లో పోసుకుని పిల్లలు రాళ్లు ఏరేవాళ్లు. బుధవారం నాడు నేను నీళ్లబిందెతో లోపలికి వస్తూ చూశాను. ఏరడం అయిపోయాక ఒక్కొక్క పిల్ల చేటలోంచి పిడికెడు బియ్యం తీసుకుని, లేచి, తలుపు వెనక గూట్లో ఉన్న చిన్న మట్టి గురిగిలో వేసి వచ్చి కూర్చుంటోంది. ఒకరి మొహం ఒకరు చూడడం లేదు. ఎవరూ మాట్లాడడం లేదు. మూతి చిన్నదైన ఆ గురిగి మీద చిప్ప మూత.

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. పచ్చిబియ్యం బుక్కడం పిల్లలకు ఎంత ఇష్టమో నాకు తెలియదా? నేనూ చేసినదాన్నే, అవ్వ చేతి దెబ్బ తిన్నదాన్నే. వండే ముందు దేవుని కోసం తీసి దాచే పిడికెడు సంగతి నాకు తెలియక కాదు. మా అవ్వ కూడా తీసేది. కానీ మా ఇంట్లో అది జొన్నలు. దూలానికి వేలాడే సొరకాయ బుర్రలో వేసేది. వేసిన ప్రతిసారీ గట్టిగా, వాడంతా వినేటట్టు ప్రార్థన చేసేది. ఇక్కడ ప్రార్థన లేదు, పాట లేదు. తలుపు చాటున, నోరు మూసుకుని. దొంగతనం కాకపోతే ఇంకేమిటి?

బిందె దించాను. గూట్లోంచి గురిగి లాగాను. "దొంగముండల్లారా! పెట్టే తిండి సాల్తలేదా మీకు?" అని అరిచి, వంటింట్లోకి పోయి, పొయ్యి మీద ఎసరు తెర్లుతున్న మా గది కుండలో ఆ బియ్యమంతా కుమ్మరించాను. పిడికెళ్లు పిడికెళ్లుగా కూడినది ఒక్క క్షణంలో నీళ్లలో కలిసిపోయింది. వెనక్కి తిరిగితే పన్నెండు మందీ గుమ్మంలో నిలబడి ఉన్నారు. ఒకతి ఏడుపు మొదలుపెట్టబోతే పళ్లూడిన అక్క దాని చెయ్యి నొక్కింది. తను కూడా నోరు తెరిచి, ఏదో అనబోయి, మూసుకుంది.

ఆ సాయంత్రం మా గదిలో అన్నం మిగిలిపోయి నడిమిగదికి పంపారు. పిల్లలు సరిగా తినలేదు. దొంగసొమ్ము ఎవరికి రుచిస్తుందిలే అనుకున్నాను. నేను మాత్రం న్యాయం చేశానన్న తృప్తితో రెండుసార్లు పెట్టించుకుని తిన్నాను. ఈ మాట రాయడానికి ఇప్పుడు నాకు సిగ్గుగా ఉంది.

మర్నాడు సాయంత్రం మళ్లీ అదే. ఈసారి ఒక్కొక్కతి రెండేసి పిడికెళ్లు! నేను పోయి పళ్లూడిన అక్క మణికట్టు పట్టుకున్నాను.

"నిన్ననే బుద్ధి చెప్పిన గద. మళ్లా దొంగతనమా?"

ఆ పిల్ల ముందు ఆ పిడికిట్లో బియ్యం గురిగిలో పడేదాకా ఆగింది. తర్వాత నన్ను వాకిట్లోకి తీసుకుపోయి చిన్న గొంతుతో చెప్పింది.

"దొంగతనం కాదు చెల్లె. దేవుని పిడికెడు. వారం వారం గురిగి నింపి అమ్మగారికిస్తం. నెలాఖరు ఐతారం మాత్రం ప్రార్థనకే కొంచవోవాలె. అప్పటికి గురిగి నిండాలె. ఇంక మూడు రోజులే ఉన్నయి, అందుకే రెండు పెడుతున్నం."

నోట్లో పచ్చి వెలక్కాయ పడ్డట్టయింది. "మరి నిన్న గంతగనం తిడ్తుంటె ఎందుకు చెప్పలే?"

"పిడికెడు పెట్టేకాడ మాట్లాడద్దు. చెప్పుకుంట పెడితే అది ఊరికి పెట్టినట్టు."

మా అవ్వ గట్టి ప్రార్థన గుర్తొచ్చింది. అవ్వ మీద జాలేసింది, నవ్వొచ్చింది, అన్నిటికీ మించి నా మీద నాకు అసహ్యం వేసింది. ఆ పూట భోజనాల దగ్గర మొదటిసారి నా పళ్లెం వదిలి మిగతా పళ్లేలు చూశాను. నాకు ఎప్పటిలాగే గుట్ట. వాళ్లవి అడుగు కనబడుతున్నాయి. రెండు పిడికెళ్లు తీసిన లోటంతా ఆ పన్నెండు పళ్లేల్లోనే ఉంది. నా దాంట్లో మెతుకు తగ్గలేదు. పచ్చిపులుసు ఎక్కువ పోసుకుని తాగుతూ, ఆ పిల్లలు ఏమీ జరగనట్టు కబుర్లు చెప్పుకుంటున్నారు. నా అన్నం వాళ్లకు వేద్దామని చెయ్యి చాపితే పళ్లేల మీద అరచేతులు అడ్డం పెట్టారు. ఆరేళ్లది కూడా పెట్టింది. మా ఇంట్లో ఆ ఈడు తమ్ముడు ముద్ద తక్కువైతే ఇల్లు పీకి పందిరేసేవాడు. వీళ్లను ఇట్లా చేసింది ఎవరు? ఏ బెత్తం? ఆ రైలు నా కళ్ల ముందు నుంచి పోయినప్పుడు కూడా నేను అంత నివ్వెరపోలేదు.

శుక్రవారం నేనూ చేట ముందు కూర్చున్నాను. రాళ్లు ఏరాను. అందరితోపాటు ఒక పిడికెడు తీసుకుని లేచాను. గూటి దగ్గరికి పోయేసరికి పళ్లూడిన అక్క ఎప్పుడొచ్చిందో, గురిగి మీద చిప్ప మూసి దాని మీద తన చెయ్యి పెట్టింది. తల అడ్డంగా ఊపింది. నాకు రోషం వచ్చింది. చేసిన తప్పు చాలదా, దిద్దుకోవడానికి కూడా వీల్లేదా? వాకిట్లోకి రాగానే అడిగాను.

"నా చేతి బియ్యం దేవునికి ఎక్కదా?"

"గట్ల కాదు. నీకింక నెల నిండలే. కొత్తోళ్ల కాడ తీసుకోం."

"ఎందుకు?"

ఇంత చిన్న సంగతి కూడా తెలియదా అన్నట్టు చూసింది. "కొత్తోళ్లు ఆకలి మీద వస్తరు గద చెల్లె."

నేను అక్కడే మెట్టు మీద కూర్చుండిపోయాను. నా పళ్లెంలో గుట్ట ఆరో తరగతికి మర్యాద కాదు. నేను ఎల్లారెడ్డి నుంచి ఎంత ఆకలి తెచ్చుకున్నానో మొదటి రోజే చూశారు. వచ్చిన ప్రతి పిల్లకూ ఒక నెల కడుపునిండా తినే హక్కు ఇచ్చి, ఆ నెలలో దేవుడు కూడా ఆమె పళ్లెంలో చెయ్యి పెట్టకుండా ఆ చిన్న చెయ్యి కాపలా ఉంది. ఏడో తరగతికి వచ్చినా, మొదటి తరగతికి వచ్చినా ఆకలి ఒకటే కాబట్టి అందరికీ ముందు చిన్నగదే. ఎవరు మొదలుపెట్టారో ఆ పద్ధతి, నాకు ఈనాటికీ తెలియదు. పెద్దకొడప్‌గల్ పిల్ల ఇంకో నాలుగు రోజులు ఉండి ఉంటే బాగుండేదని మనసు గుంజింది.

శనివారం సాయంత్రానికి గురిగి నిండింది.

ఆదివారం గది గదికీ ఒకరు గురిగిని నెత్తిన పెట్టుకుని ప్రార్థనకు పోవాలి. అందరికన్నా చివర వచ్చినవాళ్లే మోయాలట. అంటే నేనే. ఎన్నో నీళ్లబిందెలు మోసిన తల నాది. ఆ చిన్న గురిగిని మాత్రం రెండు చేతులా పట్టుకుని నడిచాను. పన్నెండు మంది నా ముందు నడుస్తున్నారు. వాళ్లు కాళ్లీడుస్తూ నడవడం చూసి, అది ఆకలి నడక అని నాకు తెలిసింది. నేను తప్ప చూసేవాళ్లకు ఎవరికీ తెలిసి ఉండదు.

ప్రార్థన అయ్యాక అమ్మగారు వాకిట్లో మమ్మల్ని ఆపింది. పళ్లూడిన అక్కను దగ్గరికి పిలిచింది.

"నెలాయె. ఈ పిల్ల సంగతేంది? నడిమిగదికి పంపాల్నా, ఇంటికి పంపాల్నా?"

రెండు దార్లే ఉన్నాయన్న అవ్వ మాట వినబడుతోంది. ఆ పిల్ల నోరు విప్పకముందే నేను అనేశాను. "అమ్మా, నేనే గురిగి ఖాళీ చేసిన. దొంగలని తిట్టి, అన్నంల కలిపిన. వీళ్లు కడుపు మాడ్చుకొని నింపిన్రు."

"నాకెర్కే" అంది అమ్మగారు. "చిన్నగది అన్నం నడిమిగదికి ఎట్లొచ్చిందో నేను అడగనా? నువ్వు చెప్తవా లేదా అని చూస్తున్న." తర్వాత ఆ పిల్ల వైపు తిరిగింది. "నువ్వెందుకు చెప్పలే నాకు?"

"చెప్తె పంపుతవు గద."

"పంపితే ఏమాయె?"

పళ్లూడిన అక్క చాలా సేపు ఆలోచించింది. చిన్నగదిలో అప్పుడప్పుడు నేను చెప్పిన ఎక్కాలు గుర్తొస్తాయేమో, నా చక్కని దస్తూరి గుర్తొస్తుందేమో అని నేను ఆమె మొహమే చూస్తున్నాను.

"పేన్లు మంచిగ చూస్తదమ్మా. పంపకు."

వెనక నుంచి పదకొండు తలలూ ఊగాయి. అమ్మగారు కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. నేనూ నవ్వాను, కళ్లు తుడుచుకుంటూ. నా చదువు కామారెడ్డిలో నిలబడింది పేల వల్ల. ఇందులో దాచుకోవాల్సిందేమీ లేదు. ఆ తర్వాత ఎందరో పిల్లలకు పాఠాలు చెప్పాను, వాళ్లెవరికీ ఈ సంగతి దాచలేదు.

"మరి చాప నడిమిగదికి తీస్కపో" అంది అమ్మగారు.

నెల పొడుగునా ఆ మాట కోసమే కాచుకున్నాను. తీరా వినేసరికి పోబుద్ధి కాలేదు. "ఇప్పుడిప్పుడే నెల నిండిందమ్మా. కొన్నొద్దులు ఈడనే ఉంట" అన్నాను. అమ్మగారు ఎందుకని అడగలేదు.

సోమవారం సాయంత్రం బియ్యం ఏరడం అయ్యాక, అందరూ వేసి వచ్చేదాకా ఆగి, లేచాను. ఈసారి పళ్లూడిన అక్క తనే చిప్ప తీసి పట్టుకుంది. నేను పట్టినంత పట్టుకుని పోయాను. గురిగి మూతి పిల్లల పిడికిళ్లకు సరిపోయేది. నా పిడికిలి అందులో దూరలేదు. ఎట్లా వెయ్యాలో తెలియక అట్లాగే నిలబడ్డాను. మాట్లాడకూడదు కదా. ఆ పిల్ల మునివేళ్ల మీద లేచి, నా వేళ్లు ఒక్కొక్కటే విప్పుతూ, గింజ కింద పడకుండా బియ్యమంతా లోపలికి జారవిడిచింది.